ఆరో నంబర్ మనిషి

2020 డిసెంబర్‌లో సిడ్నీలో ఆస్ట్రేలియా-ఎ జట్టుతో మనవాళ్లు ఆడిన ప్రాక్టీస్ మ్యాచ్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. గులాబీ బంతి, బ్యాటింగ్‌లో బుమ్రా, బౌలర్ ఇరవై ఒక్కేళ్ల కామెరాన్ గ్రీన్. బుమ్రా నేరుగా బాదిన బంతి గ్రీన్ చేతుల మధ్య నుంచి దూసుకొచ్చి తలకి తగిలింది. అవతలి ఎండ్‌లో ఉన్న మన హైదరాబాదీ సిరాజ్ పరుగు సంగతే మర్చిపోయి, బ్యాట్ అక్కడే పడేసి అతని దగ్గరికి పరుగెత్తాడు. రెండు వారాలు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో, తన మొదటి టెస్టులో, అదే సిరాజ్ అదే గ్రీన్‌ని 12 పరుగులకే ఎల్బీడబ్ల్యూ చేశాడు. ఆటంటే అంతే మరి.

ఆ సిరీస్‌లో గ్రీన్ నాలుగు టెస్టులూ ఆడాడు. సిడ్నీలో చేసిన 84 తప్పితే పెద్దగా చెప్పుకోడానికి లేదు. బౌలింగ్‌లో అయితే ఒక్క వికెట్టూ పడలేదు. అప్పటికే ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్ గ్రెగ్ చాపెల్ లాంటి పెద్దమనిషి ఇతన్ని పాంటింగ్ తర్వాత అంతటి ప్రతిభ అని మెచ్చుకుని ఉన్నాడు. ఆ పొగడ్త మొయ్యడం కుర్రాడికి భారమే అయ్యుంటుంది.

నిజానికి ఆస్ట్రేలియా ముందు చూసింది గ్రీన్ బౌలింగ్‌నే. పెర్త్ కుర్రాడు, ఆరున్నర అడుగుల మనిషి. 2017లో పదిహేడేళ్లకే షెఫీల్డ్ షీల్డ్‌లో (ఆస్ట్రేలియా దేశవాళీ టోర్నీ) అడుగుపెట్టి, మొదటి మ్యాచ్‌లోనే 24 పరుగులకు అయిదు వికెట్లు తీశాడు. ఆ తర్వాత వెన్ను మొరాయించడం మొదలుపెట్టింది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, అంతర్జాతీయ క్రికెట్‌కి రాకముందే నాలుగు స్ట్రెస్ ఫ్రాక్చర్లు, అంటే ఒత్తిడికి ఎముకలో వచ్చే పగుళ్లు. బంతి పట్టుకోవద్దని డాక్టర్లు చెప్పిన రోజుల్లో కుర్రాడు ఉట్టి బ్యాటర్‌గా ఆడాడు, సెంచరీలు కొట్టాడు. ఇవాళ మనం చూస్తున్న బ్యాటర్ గ్రీన్ సగం ఆ విరిగిన వెన్ను తయారుచేసినవాడే అంటాను.

దీనికి తోడు పుట్టుకతో వచ్చిన కిడ్నీ జబ్బు. పన్నెండేళ్లు దాటి బతకకపోవచ్చని అమ్మానాన్నలకు డాక్టర్లు చెప్పారట. ఆ సంగతి 2023 డిసెంబర్‌లో అతనే బయటపెట్టాడు. అంతకుముందు ఏడాది కెయిన్స్‌లో న్యూజిలాండ్ మీద 89 నాటౌట్‌తో మ్యాచ్ గెలిపిస్తూ కాళ్లు పట్టేసి కుంటుతుంటే, ఫిట్‌నెస్ లేదేమో అనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

మన జనానికి గ్రీన్ బాగా తెలిసింది 2022 సెప్టెంబర్‌లో. ఉప్పల్‌లో భారత్-ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం జింఖానా మైదానం దగ్గర తొక్కిసలాట జరిగింది చూడండి, ఆ మ్యాచ్‌లోనే. ఓపెనర్‌గా దిగి 19 బంతుల్లో ఫిఫ్టీ కొట్టి స్టేడియం నోరు మూయించాడు. ఆ దెబ్బతో డిసెంబర్ 23న ఐపీఎల్ వేలంలో ముంబై 17.5 కోట్లు పెట్టింది. సరిగ్గా మూడు రోజులకు మెల్‌బోర్న్ బాక్సింగ్ డే టెస్టులో దక్షిణాఫ్రికా మీద 27 పరుగులకు అయిదు వికెట్లు! మర్నాడు నోర్క్యా బంతి తగిలి వేలు విరిగింది. అయినా మళ్లీ క్రీజులోకి వచ్చి 51తో నాటౌట్‌గా నిలిచాడు.

ఆ వేలు మానేలోపు ఆస్ట్రేలియా మన దగ్గర నాగ్‌పూర్, ఢిల్లీ టెస్టులు ఓడింది. ఢిల్లీలో ముగ్గురు స్పిన్నర్లను ఆడించాలని ఒక్క కమిన్స్‌ని మాత్రమే పేసర్‌గా పెట్టుకున్నారు. ఇండోర్‌లో గ్రీన్ తిరిగొచ్చాడు. స్టార్క్‌కి తోడు రెండో పేసర్ అతనే. దాంతో స్పిన్నర్లు ముగ్గురూ ఉన్నారు, బ్యాటింగూ తగ్గలేదు. ఆ మ్యాచ్ తొమ్మిది వికెట్లతో గెలిచారు. స్కోరుకార్డులో గ్రీన్ పేరు పక్కన గొప్ప అంకెలేమీ కనపడవు. అతని విలువ ఏంటో నాకు అర్థమైంది మాత్రం ఆ మ్యాచ్‌లోనే. తర్వాత అహ్మదాబాద్‌లో ఆరో నంబర్‌లో వచ్చి 114, టెస్టుల్లో మొదటి సెంచరీ.

ఇంత చక్కగా కుదిరిన మనిషిని ఆ ఆరో నంబర్‌లోనే వదిలెయ్యకుండా ఆస్ట్రేలియా ఎందుకు కదిలించిందన్నదే నా ఫిర్యాదు. 2023లో ఇంగ్లండ్‌తో ఆడిన యాషెస్ టెస్టు సిరీస్‌లో గ్రీన్ గాయంతో తప్పుకుంటే, హెడింగ్లీలో మిచెల్ మార్ష్ వచ్చి 118 బాదేశాడు. ఆ స్థానం మార్ష్‌దైపోయింది. వార్నర్ రిటైరయ్యాక గ్రీన్‌ని ఇరికించడానికి స్మిత్‌ని ఓపెనర్‌గా పంపి, నాలుగో నంబర్ ఇతనికిచ్చారు. వెల్లింగ్టన్‌లో 174 నాటౌట్, అందులో హేజిల్‌వుడ్‌తో చివరి వికెట్‌కి 116 పరుగులు. నా వాదనకి ఇది గట్టి దెబ్బే, ఒప్పుకుంటాను. కాకపోతే నాలుగో నంబర్‌లో రోజంతా బ్యాటింగ్ చేసిన మనిషి చేత మర్నాడు పదిహేను ఓవర్లు వేయించాలంటే ఏ కెప్టెన్‌కైనా చెయ్యి రాదు. అలా వేయించకపోతే అతను ఆల్‌రౌండర్ ఎలా అవుతాడు?

2024లో వెన్ను మళ్లీ విరిగింది. బుమ్రాకి ఆపరేషన్ జరిగిన క్రైస్ట్‌చర్చ్‌లోనే ఇతనికీ చేశారు. ఆ గ్యాప్‌లో బ్యూ వెబ్‌స్టర్ వచ్చి ఆరో నంబర్‌లో కుదురుకున్నాడు. 2025 జూన్‌లో లార్డ్స్‌లో టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్‌కి గ్రీన్ తిరిగొచ్చేసరికి ఖాళీగా ఉన్నది మూడో నంబర్. బౌలింగ్ లేదు, ఉట్టి బ్యాటర్. రెండు ఇన్నింగ్స్‌లోనూ దక్షిణాఫ్రికా పేసర్ రబాడకే దొరికాడు: 4, 0.