బూటు బొమ్మ పక్కన పెట్టండి

టెఫ్, టీసీఎఫ్ అనే ఫ్రెంచి భాషా పరీక్షలకు చదువుతున్న మనవాళ్ళ నోటుపుస్తకాల్లో ఈమధ్య ఒక బూటు బొమ్మ తరచూ కనిపిస్తోంది. 2023లో కెనడా వలస పద్ధతి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఫ్రెంచి వచ్చినవాళ్ళను శాశ్వత నివాసానికి విడిగా పిలవడం మొదలుపెట్టాక టొరంటోలో ఉన్నవాళ్ళూ, హైదరాబాదులో ఉన్నవాళ్ళూ ఈ భాష మీద పడ్డారు. చదవడం, రాయడం, వినడం, మాట్లాడడం నాలుగింటిలోనూ కెనడా ఫ్రెంచి కొలమానం ప్రకారం ఏడో స్థాయి రావాలి. వ్యవధి చూస్తే కొద్ది నెలలు. అందుకే దొరికిన పట్టికనల్లా బట్టీ పట్టేస్తున్నారు.

బూటు సంగతి ఇది. కొన్ని ఫ్రెంచి క్రియల్లో కర్తను బట్టి ధాతువు మారుతుంది. వాటి రూపాలను ఎడమవైపు నేను, నువ్వు, అతడు, కుడివైపు మేము, మీరు, వాళ్ళు అని రెండు వరుసల్లో రాస్తారు. ధాతువు మారే నాలుగింటి చుట్టూ గీత గీస్తే బూటు ఆకారం వస్తుంది. మేము, మీరు బయట మిగిలిపోతారు. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ మార్పు ఎక్కడో చెప్పే ఆ బొమ్మ ఎందుకో చెప్పదు. ఎందుకో తెలియనివాడికి ప్రతి క్రియా ఒక కొత్త మినహాయింపే.

‘అష్తే’ అంటే కొనడం. ‘నేను కొంటాను’ అనడానికి ‘జాషెత్’, ‘మీరు కొంటారు’ అనడానికి ‘వూజాష్తే’. రెండూ ఒకసారి పైకి అనండి. మొదటిదాంట్లో ప్రత్యయం కాగితం మీదే ఉంది, నోట పలకదు. మాట ‘షెత్’ దగ్గర ఆగిపోతుంది. ఫ్రెంచిలో ఊనిక చివర పలికే అక్షరం మీద పడుతుంది కనుక అక్కడి అచ్చు ‘ఎ’ అని గట్టిగా వినిపించి తీరాలి. రెండోదాంట్లో ‘తే’ పలుకుతుంది, ఊనిక దాని మీదికి పోతుంది. వెనకబడిన అచ్చు నీరసించి మాయమవుతుంది. పిలవడానికి వాడే ‘అప్లే’ కూడా అంతే: జాపెల్, వూజాప్లే.

చెవికి ఒకటే సూత్రం. రాతలోనే రెండు దారులు. ‘అష్తే’ ఆ అచ్చు నెత్తిన వాలుగీత పెట్టుకుంటుంది, ‘అప్లే’ తర్వాతి హల్లును రెట్టిస్తుంది. ఏది ఏ జట్టులోదన్న తగువును 1990 డిసెంబరులో ఫ్రాన్స్ గెజిట్‌లో వచ్చిన రాత సవరణలు చాలావరకు తీర్చాయి. పిలవడం, విసరడం అనే రెండు క్రియలూ, వాటి నుంచి పుట్టినవీ తప్ప ఈ కోవలోని మిగతావన్నీ వాలుగీత వైపు వెళ్ళవచ్చు. పాత రాత తప్పేమీ కాదు. కొండంత అనిపించే భయం చివరికి ఇంతే.

మూలం లాటిన్ నాటిది. ఊనిక పడిన అచ్చు ఒక దారి పట్టింది, పడనిది ఇంకో దారి పట్టింది. ప్రేమించడం అనే క్రియకూ పాత ఫ్రెంచిలో రెండు ధాతువులుండేవి. కాలక్రమంలో జనం దాన్ని చదును చేసేశారు. రావడం, కావాలనుకోవడం వంటి నిత్యం నోట్లో నలిగేవి మాత్రం లొంగలేదు.

ఇది మనకు వింతా? వస్తాను, వచ్చాను, రాను, రండి. మాంట్రియల్‌లో పుట్టిన పిల్లవాడు ‘నేను వచ్చను’ అంటే నవ్వి, ‘రాను అనాలి నాన్నా’ అంటాం. పట్టిక చేతికివ్వం.

పెద్దవాళ్ళకు పిల్లల పద్ధతి సరిపడదంటారు. రాత పరీక్ష వరకూ ఒప్పుకుంటాను. మాట్లాడే పరీక్షలో ఎదుటి మనిషి ప్రశ్న వేశాక బొమ్మ గీసుకునే తీరిక ఉండదు. పైగా పట్టిక ఒక నిజాన్ని దాస్తుంది. వాడుకలో, ముఖ్యంగా క్యూబెక్‌లో, ‘మేము’ అనాల్సిన చోట ‘నూ’ బదులు ‘ఓఁ’ అంటారు. దానికి ‘అతడు’ రూపమే వస్తుంది. అంటే రోజువారీ వర్తమానంలో వేరుగా పలకాల్సింది దాదాపు ‘మీరు’ ఒక్కటే. నువ్వు ఎవరినో, మీరు ఎవరినో చూసి మాట్లాడడం మనకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. వందల క్రియల పీడీఎఫ్ అమ్మే శిక్షణ కేంద్రాలు ఈ ముక్క ఎందుకు చెప్పవో!

మన సంఘం ఆదివారం ఫ్రెంచి తరగతులు పెడితే మొదటి గంట కాగితాలు లేకుండా జరగాలి. ఆరేడు క్రియలు చాలు. ఒకరిని ‘తు’ (నువ్వు) అని, పక్కవారిని ‘వూ’ (మీరు) అని అడుగుతూ ధాతువు మారడం నోటికి పట్టేదాకా తిప్పాలి. 1977 నాటి క్యూబెక్ భాషా చట్టం వల్ల ఇక్కడి వలస కుటుంబాల పిల్లలు చాలావరకు ఫ్రెంచి బడుల్లోనే చదువుతున్నారు. వాళ్ళనే పంతుళ్ళుగా కూర్చోబెట్టండి. అమ్మానాన్నలు తప్పు పలికితే వాళ్ళు ఎలాగూ ఊరుకోరు. జీతం కింద మిరపకాయ బజ్జీలు పెడదాం.