నెయిల్ కట్టర్‌తో మోడల్ రైలు కట్టేయొచ్చా?

మోడల్ రైళ్లు కొత్తగా మొదలుపెట్టేవాళ్ల మధ్య ఒక మెసేజ్ చాలా రోజులుగా తిరుగుతోంది. కిట్ కట్టడానికి ప్రత్యేకంగా పనిముట్లు కొనడం దండగ, ఇంట్లో ఉన్న నెయిల్ కట్టర్, షేవింగ్ బ్లేడు, కాల్చిన గుండుసూది, ఒక ఇన్‌స్టంట్ గ్లూ చాలు, కొలతలు కంటితో చూసుకోవచ్చు, మిగతాదంతా డబ్బున్నవాళ్ల షోకు అని దాని సారాంశం. ఖర్చు తగ్గించాలనే ఉద్దేశం మంచిదే. కానీ ఇది నమ్మి మొదటి కిట్టే పాడుచేసుకుని, ఇక మనవల్ల కాదని పక్కన పెట్టేసినవాళ్లు నాకు తెలుసు, అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

"ముక్కలు విడదీయడానికి నెయిల్ కట్టర్ చాలు." చాలదు. కిట్ ముక్కలు ఒక ప్లాస్టిక్ చట్రానికి అతుక్కుని వస్తాయి, వాటిని కోసి తీయాలి. నెయిల్ కట్టర్ అంచు వంపుగా ఉంటుంది, కత్తిరించే ముందు ప్లాస్టిక్‌ను రెండు వైపులా నొక్కుతుంది, ఆ ఒత్తిడికి ముక్క అంచున తెల్లటి మచ్చ పడుతుంది, సన్నటి మెట్లు, హ్యాండ్‌రెయిళ్లయితే విరిగే పోతాయి. ఫ్లష్ కట్టర్‌కు ఒక వైపు చదునుగా ఉంటుంది, ఆ చదును వైపు ముక్కకు ఆనించాలి. అయినా ఒకే కోతలో పని ముగించకండి, ముందు దూరంగా కోసి, తర్వాత అర మిల్లీమీటరు వదిలి మళ్లీ కోసి, మిగిలింది సన్న ఆకురాయితో అరగదీయండి. ఆ కట్టర్‌తో ఇనుప తీగ మాత్రం ఎప్పుడూ కోయొద్దు, అంచు పోతుంది.

షేవింగ్ బ్లేడు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రెండు వైపులా పదును, మధ్యలో వంగుతుంది, పట్టుకోవడానికి పిడి లేదు. పిడి ఉన్న హాబీ నైఫ్, దానికి 11 నంబరు బ్లేడు, స్టీలు స్కేలు తీసుకోండి. ప్లాస్టిక్ షీటును ఒక్కసారిగా కోసేయాలని చూడకుండా తేలికగా నాలుగైదు సార్లు గీసి వంచితే తిన్నగా విరుగుతుంది.

"ఇన్‌స్టంట్ గ్లూ అన్నిటినీ అతికిస్తుంది." ఇందులో సగం నిజం ఉంది. లోహాన్ని ప్లాస్టిక్‌కు అతికించాలంటే అదే సరైనది. కానీ కిట్లలో ఎక్కువగా వచ్చే పాలీస్టైరిన్ అనే ప్లాస్టిక్‌కు పల్చటి ప్లాస్టిక్ సిమెంటు వాడాలి, అది రెండు అంచులనూ కొద్దిగా కరిగించి ఒకటిగా చేస్తుంది, బ్రష్‌తో ఒక చుక్క అంటిస్తే సందులోకి తనే పాకుతుంది. ఇన్‌స్టంట్ గ్లూ ఆవిరికి కిటికీల ప్లాస్టిక్ తెల్లగా మసకబారుతుంది, నా మొదటి కోచ్‌లో ఒక వైపు కిటికీలన్నీ అలాగే పోయాయి. కిటికీలకు చెక్కపనికి వాడే తెల్ల జిగురు పెట్టండి, ఆరాక కనిపించదు. జారుడుగా ఉండే ఎసిటాల్ ప్లాస్టిక్‌తో చేసిన చక్రాల ఫ్రేములకు ఈ మూడింటిలో ఏదీ సరిగా పట్టదు, వాటిని స్క్రూతో బిగించాల్సిందే.

"కాల్చిన సూదితో రంధ్రాలు పెట్టొచ్చు." పెట్టొచ్చు, చుట్టూ కరిగిన ప్లాస్టిక్ గట్టులా లేస్తుంది, రంగు వేశాక అదే ముందు కనిపిస్తుంది. మోడల్ రైళ్లలో హెచ్‌ఓ స్కేలు అంటే 1:87, అంటే అసలు రైలులో 87వ వంతు, అసలు రైలులో 25 మిల్లీమీటర్ల హ్యాండ్‌రెయిల్ ఇక్కడ 0.3 మిల్లీమీటర్ల కంటే కాస్త తక్కువ. అంత సన్నటి తీగకు రంధ్రం చేయాలంటే వేళ్ల మధ్య తిప్పే పిన్ వైస్ కావాలి. 80 నంబరు డ్రిల్ బిట్ 0.34 మిల్లీమీటర్లు ఉంటుంది, ఈ పనికి సరిపోతుంది. మామూలు సూదితో (కాల్చకుండానే) చిన్న గుంట పెట్టి, బిట్‌ను నొక్కకుండా తిప్పండి. కరెంటు డ్రిల్ వేగానికి ప్లాస్టిక్ కరుగుతుంది, బిట్ విరుగుతుంది, కాబట్టి ఖరీదైనది మంచిదనే లెక్క ఇక్కడ పనికిరాదు.

ఇక నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది "కొలతలు కంటితో చూసుకోవచ్చు" అనే మాట. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, జత చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం దాదాపు 14.4. ఇందులో అర మిల్లీమీటరు తేడా కంటికి తెలియదు, రైలుకు తెలుస్తుంది. చక్రాలు మరీ దగ్గరగా ఉంటే పాయింట్ల దగ్గర (దారి రెండుగా చీలే చోట) చెక్ రైలు మీదికి, అంటే చక్రాన్ని దారిలో ఉంచే అదనపు పట్టా మీదికి ఎక్కుతాయి, మరీ దూరంగా ఉంటే ఆ పట్టా వాటిని పట్టుకోలేదు, చక్రం అంచు వెళ్లి క్రాసింగ్ ముక్కును, అంటే రెండు పట్టాలు కలిసే మొనను కొడుతుంది. నా వ్యాగన్ ఒకటి ప్రతి పాయింటు దగ్గరా పడిపోతుంటే పట్టాలదే తప్పనుకుని రెండు రోజులు పట్టాలన్నీ పీకి మళ్లీ పరిచాను. చివరికి కాలిపర్ (సన్న కొలతలు తీసే పనిముట్టు) పెట్టి చూస్తే చక్రాల మధ్య 13.9 ఉంది. చక్రాన్ని ఇరుసు మీద మెల్లగా తిప్పుతూ బయటికి లాగితే రెండు నిమిషాల్లో సరైపోయింది. 1935లో మొదలైన అమెరికా మోడల్ రైళ్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ ఇలాంటి కొలతల కోసం ఒక రేకు గేజ్ అమ్ముతుంది, చక్రాలూ పట్టాలూ రెండూ దానితోనే చూసుకోవచ్చు.

మన రైళ్ల మోడల్స్ చేసేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, 1:87లో అది 19.3 దాకా రావాలి, కానీ చాలామంది దొరికే 16.5 పట్టాల మీదే నడుపుతారు. అలా చేసినప్పుడు చక్రానికీ పక్క ఫ్రేముకూ మధ్య సందు ఎంత ఉంచాలో కొలిచి పెట్టకపోతే ఎలా?

"డబ్బున్నవాళ్ల షోకు." కట్టర్, నైఫ్, సన్న ఆకురాళ్లు, పిన్ వైస్, ట్వీజర్లు, కాలిపర్, ఇవన్నీ కలిపినా ఒక మంచి హెచ్‌ఓ కోచ్ ధరను దాటవు. నలభై ముక్కల సెట్టు కొనకండి, అందులో సగం తీయనే తీయరు. ఆకురాళ్లు, ట్వీజర్లు (కంసాలులు శ్రావణం అంటారు) నగల పనిముట్లు అమ్మే చోట గట్టివి దొరుకుతాయి. ఇంట్లోవి అసలు పనికిరావని నేను అనను. అతికిన ముక్కలు పట్టి ఉంచడానికి బట్టల క్లిప్పులు, జిగురు పెట్టడానికి టూత్‌పిక్, పని చేయడానికి పాత అద్దం ముక్క నేనూ వాడతాను. కప్లర్ (పెట్టెలను కలిపే కొక్కెం) స్ప్రింగ్ ఎగిరిపోకుండా దాని గుండా దారం దూర్చి పట్టుకోవడం కూడా ఇంట్లో ఉపాయమే.

మెసేజ్ చివర్లో "పిల్లలకైతే ఇదే చాలు" అని ఉంది. పిడి లేని బ్లేడు పిల్లల చేతికి ఇచ్చే ప్రసక్తే లేదు. మా అక్క కూతురికి పన్నెండేళ్లు, పోయిన సెలవుల్లో పిన్ వైస్ ఇచ్చి ఎలా తిప్పాలో ఒకసారి చూపించాను, గార్డు వ్యాను పక్కన ఎనిమిది రంధ్రాలూ తనే వేసింది, ఒక్క బిట్ కూడా విరగలేదు.