కుక్క గిన్నెలో అన్నం నేరమా?

“అన్నం పెడుతున్నారా? అందుకే దాని జుట్టు రాలుతోంది.” పెంపుడు జంతువుల సరుకులు అమ్మే ఒక దుకాణంలో కుర్రాడు నాతో అన్న మాట ఇది. అతడు మా కుక్కను చూడలేదు. బరువెంత, వయసెంత అని అడగలేదు. అన్నం అన్న మాట చెవిన పడగానే తీర్పు చెప్పి, పై అరలోంచి ఒక సంచి దించాడు. దాని మీద తోడేలు బొమ్మ, బొమ్మ కింద పెద్ద అక్షరాల్లో ‘ధాన్యం కలపలేదు’ అన్న హామీ. నా పక్కన నిలబడ్డ పెద్దావిడ ఒకరు “మా ఇంట్లోనూ పెరుగన్నమే బాబూ” అన్నారు, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించి. ఆవిడ గొంతు ఎందుకు తగ్గించాల్సి వచ్చిందన్నదే నా ప్రశ్న.

సంచి తిప్పి వెనక చదివాను. బియ్యం, గోధుమ, మొక్కజొన్న నిజంగానే లేవు. వాటి స్థానంలో బఠాణీలు, శనగలు, బంగాళాదుంప ఉన్నాయి. యంత్రంలో ఒత్తి తీసే ఆ ముక్కలు విరిగిపోకుండా నిలవాలంటే పిండిపదార్థం ఉండి తీరాలి. దాన్ని బియ్యం నుంచి తీసుకోకపోతే పప్పుల నుంచి తీసుకుంటారు. అంటే పిండి ఎక్కడికీ పోలేదు, దాని పేరు మాత్రం మారింది. పేరు మారినందుకు ధర రెట్టింపైంది.

ఇక ఆ తోడేలు సంగతి. కుక్క తోడేలు వంశంలోంచే వచ్చింది. అయితే అక్కడే ఆగిపోలేదు. 2013లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయ పరిశోధకులు కుక్కల, తోడేళ్ల జన్యువులను పక్కపక్కన పెట్టి చూశారు. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమును తయారు చేసే జన్యువు తోడేలులో రెండు ప్రతులుంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా కనిపించాయి. మనిషి పొలం దున్ని గింజ పండించడం మొదలుపెట్టాక, అతడి వాకిట్లో మిగిలిన మెతుకులు తింటూ కుక్క ఒళ్లే మారిపోయింది. వ్యవసాయం లేని మంచు ప్రాంతాల్లో స్లెడ్జి బళ్లు లాగుతూ పెరిగిన సైబీరియన్ హస్కీ వంటి జాతుల్లో ఈ ప్రతులు తక్కువ. హైదరాబాద్ ఎండల్లో హస్కీని పెంచుతున్నవారు ఈ తేడా గమనించుకోవాలి. మన వీధుల్లో పుట్టి పెరిగిన కుక్కను తోడేలులా మేపాలనడం మాత్రం, వేల ఏళ్లుగా అది మనతో పంచుకున్న కూటిని కాదనడమే.

ధాన్యం లేని తిండి మేలు చేస్తుందన్న మాటకు గట్టి ఆధారమైనా ఉందా అంటే, కథ అడ్డం తిరిగింది. 2018 జూలైలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక జారీ చేసింది. గుండె కండరం సాగి బలహీనపడే జబ్బు, ఆ జబ్బుకు పేరుపడని జాతుల కుక్కల్లోనూ కనిపిస్తోందని చెప్పింది. మరుసటి ఏడాది ఆ సంస్థ వెల్లడించిన వివరాల ప్రకారం, ఫిర్యాదుల్లో పేర్కొన్న ఉత్పత్తుల్లో 90 శాతానికి పైగా ధాన్యం లేనివే. 93 శాతంలో బఠాణీలో, మసూరు వంటి పప్పులో, రెండూనో ఉన్నాయి. జబ్బుకు తిండే కారణమని ఇంతవరకు రుజువు కాలేదు, ఆ మాట దాచకూడదు. కానీ మంచిదని రుజువు కాని దాన్ని రెట్టింపు ధరకు అమ్ముతూ, అన్నం పెట్టినవాళ్లను దోషులుగా నిలబెట్టడం ఏం న్యాయం?

అలాగని పెరుగన్నం చాలునని నేను అనడం లేదు. చాలదు. ఎందుకు చాలదో లెక్క వేసి చూద్దాం. ఇంటిపట్టున ఉండే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన 20 కిలోల కుక్కకు రోజుకు సుమారు 1000 కేలరీలు కావాలి. అదంతా అన్నంతోనే ఇవ్వాలంటే దాదాపు 290 గ్రాముల బియ్యం వండాలి. అందులో వచ్చే ప్రొటీన్ 20 గ్రాములు. అమెరికాలో పశుదాణా అధికారుల సంఘం ఆఫ్కో పెట్టిన ప్రమాణం ప్రకారం, పెద్ద కుక్కకు ప్రతి 1000 కేలరీలకు కనీసం 45 గ్రాములుండాలి. సగం కూడా అందలేదు. కాల్షియం సంగతి ఇంకా ఘోరం. కావలసింది 1250 మిల్లీగ్రాములు, బియ్యంలో ఉన్నది 30. పావు కిలోకు కాస్త తక్కువ పెరుగు కలిపితే కాల్షియం 330 దాకా చేరుతుంది, ప్రొటీన్ మరో ఆరేడు గ్రాములు పెరుగుతుంది. అంతే.

ఇప్పుడు బియ్యాన్ని 150 గ్రాములకు తగ్గించి, ఎముకలు తీసిన 250 గ్రాముల కోడిమాంసం, కొంచెం గుమ్మడికాయో క్యారెట్టో, ఒక చెంచా నూనె చేర్చండి. ప్రొటీన్ 60 గ్రాములకు చేరుతుంది. జుట్టు తయారయ్యేది ప్రొటీన్‌తోనే కాబట్టి, జుట్టు రాలడం గురించి దుకాణంలో మందలించిన కుర్రాడికి ఇదే జవాబు. కాల్షియం మాత్రం అలాగే ఉండిపోతుంది. పైపెచ్చు మాంసంతో భాస్వరం పెరిగిపోతుంది. రక్తంలో కాల్షియం పడిపోకుండా శరీరం ఎముకల్లోంచి లాక్కుంటుంది. ఎదిగే కుక్కపిల్లల్లో కాళ్లు వంకర తిరగడానికి ఇదొక దారి. మాంసం ఒక్కటే పెట్టేవాళ్లకు ఇది అస్సలు తెలియదు. కోడిగుడ్డు పెంకును ఉడికించి, ఆరబెట్టి, మెత్తగా పొడి చేస్తే 3 గ్రాముల్లో గ్రాముకు పైగా కాల్షియం దొరుకుతుంది. మనం రోజూ చెత్తబుట్టలో వేస్తున్నది అదే. జింకు, అయోడిన్, విటమిన్ డి, ఇ ఇంకా మిగిలిపోతాయి. అవి పశువైద్యుడు కుక్కను చూసి, బరువు తూచి రాయాల్సినవి.

ఇక్కడ ప్యాకెట్ పక్షంవారి వాదన బలమైనది. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లోని పశువైద్య పరిశోధకులు కుక్కలకు ఇంట్లో వండిపెట్టే 200 వంటకాలను పరీక్షిస్తే, 95 శాతంలో ఏదో ఒక అవసరమైన పోషకం తక్కువైంది. ప్యాకెట్లో ఆ లెక్క ముందే చేసి ఉంటుందని వారంటారు. పెద్ద జాతి కుక్కపిల్ల విషయంలో వారితో నేనూ ఏకీభవిస్తాను. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ పిల్లలకు కాల్షియం తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే. ఎదిగే వయసుకని స్పష్టంగా రాసి ఉన్న ప్యాకెట్టే వాటికి క్షేమం. కానీ ఆ అధ్యయనం పట్టుకున్న దోషం వంటగదిది కాదు. అందులో సగానికి పైగా వంటకాలను రాసింది పశువైద్యులే. కొలత చెప్పకుండా ‘కొంచెం కూర, కాస్త మాంసం’ అని రాయడమే దోషం. లెక్క నేర్పితే పోయే దోషం అది.

పైగా మన దేశంలో ఆ ప్యాకెట్ మీద నమ్మకం పెట్టుకోవడానికి ఉన్న హామీ ఏపాటిది? 2006 నాటి ఆహార భద్రత చట్టం మనుషుల తిండికి చేసింది. జంతువుల దాణా దాని నిర్వచనంలోనే లేదు. 2007లో ప్లాస్టిక్ తయారీలో వాడే మెలమైన్ కలిసిన గోధుమ గ్లూటెన్ ప్యాకెట్లలోకి చేరి అమెరికాలో కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు చెడి చనిపోయాయి. గట్టి చట్టాలున్న చోటే అలా జరిగింది.

గిన్నెలో ఏం పడుతోందన్నంత ముఖ్యం ఎంత పడుతోందన్నది. 48 లాబ్రడార్లను జతలుగా విడదీసి, ప్రతి జతలో ఒకదానికి తోడుకుక్క కన్నా 25 శాతం తక్కువ తిండి పెట్టి, చనిపోయేదాకా గమనించిన ఒక అధ్యయనం 2002లో వెలువడింది. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. ప్రేమ పేరుతో రెండోసారి నింపే గిన్నె వాటి ఆయుష్షును కోస్తోంది. ఇక మిగిలిపోయిన పులుసన్నం, బిర్యానీ ఎముకలు పెట్టేవారికి ఒక్క మాట: ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను చితకగొడతాయి, ఉడికిన ఎముక ముల్లులా చీలి పేగులో గుచ్చుకుంటుంది. కుక్క కోసం వండేది వేరే గిన్నెలో, తాలింపు లేకుండా వండాలి.

ఆ పెద్దావిడ గొంతు తగ్గించడం నాకు కొత్తగా అనిపించలేదు. రాయలసీమలో రాగిసంగటి తిన్నామని, తెలంగాణలో జొన్నరొట్టె, గటక తిన్నామని బడిలో చెప్పుకోవడానికి సిగ్గుపడిన తరాలు మనకు తెలుసు. సన్నబియ్యం తిన్నవాడు గొప్పవాడనుకుని రాగులను గాదెల్లోంచి గెంటేశాం. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించేసరికి అవే రాగులు రంగు ప్యాకెట్లో, నాలుగింతల ధరకు మన ఇంటికి తిరిగొచ్చాయి. వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న గింజ అది, బియ్యానికి ముప్పై రెట్లు పైమాటే. ముందు మన తిండిని మన చేతే తక్కువ చేయించడం, ఆ ఖాళీలో సరుకు అమ్మడం అన్న పద్ధతి మన కంచం దాటి ఇప్పుడు కుక్క గిన్నెకు చేరింది.

దీన్ని తిప్పికొట్టే విద్య మన దగ్గరే ఉంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ, పశువైద్య విశ్వవిద్యాలయం రెండూ ఉన్నాయి. తిరుపతిలో మరో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. మన గింజల్లో, మన మాంసంలో ఏముందో, కుక్కకు ఏం కావాలో తెలిసినవారంతా ఈ నాలుగు చోట్లా ఉన్నారు. వారు కలిసి కూర్చుని తెలుగులో ఒక పట్టిక తయారు చేయాలి. 5 కిలోల కుక్కకు, 10 కిలోలకు, 20 కిలోలకు, 30 కిలోలకు బియ్యం ఎన్ని గ్రాములు, జొన్న ఎన్ని, గుడ్లు ఎన్ని, పెంకు పొడి ఎంత, ఏ విటమిన్ మాత్ర ఎంత, ముసలిదానికి ఎంత తగ్గించాలి, ఈనిన దానికి ఎంత పెంచాలి అన్నది ఒకే కాగితం మీద రావాలి. మండలాల్లో ప్రతి పశువైద్యశాల గోడ మీదా గాలికుంటు టీకా పోస్టరు పక్కన దానికి చోటుంది.