ఒక్క సర్వేతో కట్టలోని బుంగ దొరకదు

మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు (గేట్లను మోసే స్తంభాలు) కుంగింది 2023 అక్టోబరు 21న. పునాది కింది ఇసుక కొట్టుకుపోవడం జాతీయ ఆనకట్టల భద్రత సంస్థ కమిటీ ఎత్తిచూపిన కారణాల్లో ఒకటి. ఎగువన అన్నారంలోనూ బుంగలు బయటపడ్డాయి. బుంగ పైకి కనబడేసరికి లోపల నీటికి దారి పడి చాలాకాలమై ఉంటుంది. ముందే పసిగట్టే పరికరాలు లేక కాదు, వాటిని వాడే తీరులోనే లోపమంతా.

మట్టికట్టల మీద ఎక్కువగా చేసేది విద్యుత్ నిరోధకత సర్వే, అంటే మట్టి కరెంటును ఎంత అడ్డుకుంటుందో కొలవడం. కట్ట పొడవునా 5 మీటర్లకొకటిగా 48 స్టీలు కడ్డీలు దిగ్గొడితే లైను 235 మీటర్లు వస్తుంది. దాదాపు 40 మీటర్ల లోతు దాకా అందుతుంది. తడిమట్టిలో కరెంటు సులువుగా పారుతుంది, ఎండుమట్టిలో, రాతిలో పారదు. చిక్కేమిటంటే, కట్ట నడుమ నింపిన మంచి బంకమట్టి కూడా తడిమట్టిలాగే కనబడుతుంది. పైగా సన్నమట్టి కొట్టుకుపోయి గులక మిగిలిన చోట నిరోధకత పెరగనూవచ్చు. రిపోర్టులో సాధారణంగా తక్కువ నిరోధకతను నీలిగా, ఎక్కువదాన్ని ఎర్రగా చూపుతారు. అంటే నీలి మచ్చ ఊట కాకపోవచ్చు, ఎర్ర మచ్చే ఊట కావచ్చు!

అందుకే అదే లైను, అవే గుర్తులు పెట్టుకుని జలాశయం నిండినప్పుడు ఒకసారి, అడుగంటినప్పుడు మరోసారి కొలవాలి. అనుమానించాల్సింది మార్పు కనబడిన చోటనే. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే నిరోధకత సుమారు 2 శాతం తగ్గుతుంది, ఆ సవరణ చేయకపోతే ఎండాకాలపు వేడి కూడా ఊటలా కనబడుతుంది.

మట్టిలో నీరు పారేటప్పుడు దానంతటదే పుట్టే స్వల్ప వోల్టేజీని కొలిచే స్వయం విభవ పద్ధతి ఇంతకన్నా చవక, పైగా నేరుగా నీటి కదలికనే పట్టుకుంటుంది. అడుగున నీరు ఊరే మట్టి కుండీలో రాగి కడ్డీ, మైలుతుత్తం ద్రావణం, దాని కింద కరగని పలుకులు కొన్ని: ఎలక్ట్రోడ్ అంటే ఇంతే. ఇలాంటి రెండు కుండీల మధ్య వోల్టేజీ కొలుస్తారు. నీరు కట్టలోకి దూరే చోట రుణ, బయటపడే చోట ధన విలువలు వస్తాయి. సంకేతం మహా అయితే పదుల మిల్లీవోల్టులు. కనుక పని మొదలెట్టే ముందు, ముగించాక రెండు కుండీలనూ పక్కపక్కన పెట్టి తేడా రాసుకోవాలి. తుప్పు పట్టిన పైపు, గేటు మోటారు ఎర్తింగ్ దగ్గరుంటే ఆ రీడింగులను నమ్మరాదు.

టెండర్లలో తప్పకుండా కనబడే గ్రౌండ్ రాడార్ (నేలలోకి రేడియో తరంగాలు పంపి చూసేది) తడి బంకమట్టిలో రెండు మీటర్లు దాటడమే కష్టం. బ్యారేజీ రాఫ్ట్‌లో, అంటే అడుగు కాంక్రీటు పలకలో, ఇనుప చువ్వల వల దాన్ని అడ్డుకుంటుంది. అక్కడ రాఫ్ట్‌కు రంధ్రాలు వేసి, ఒకదాంట్లోంచి మరోదాంట్లోకి కంపన తరంగాలు పంపి చూడాల్సిందే.

వీటన్నిటికీ ఆధారం దిగువ డ్రెయిన్‌లోని వి-నాచ్, అంటే ఊటనీటిని కొలిచే V ఆకారపు గండి ఉన్న పలక. 90 డిగ్రీల నాచ్‌లో నీటి ఎత్తు 10 సెంటీమీటర్లుంటే సెకనుకు 4.4 లీటర్లు, 11 ఉంటే 5.5. పాచి అడ్డుపడితే లెక్కంతా తప్పు. జలాశయ మట్టంతో పాటు ఆ రీడింగు, నీరు తేటగా ఉందా, మట్టి రంగులో ఉందా అన్నది రోజూ రాయకపోతే లక్షలు పోసిన సర్వే పుట్టిన వేళ తెలియని జాతకమే.

2021 ఆనకట్టల భద్రత చట్టం ప్రకారం ఇప్పటికే ఉన్న డ్యాములకు తొలి సమగ్ర మదింపు చట్టం అమల్లోకి వచ్చిన ఐదేళ్లలో జరగాలి. ఈ పనికి పిలిచే టెండర్లలో రెండు సీజన్ల కొలతలు, అనుమానం ఉన్నచోట బోరు, పీజోమీటరు (మట్టిలోని నీటి ఒత్తిడిని కొలిచేది) విడదీయకుండా ఉండాలి. ఆ బోరు నీటి ఒత్తిడితో వేయకూడదు, బంకమట్టి చీలి కొత్త దారి పడుతుంది. నీళ్లు వాడకుండా మర తిప్పి తవ్వే పొడి ఆగర్‌తోనే వేయాలి.