మీటరు పెట్టకండి బాబూ!

పర్లాకిమిడిలో లిథియం బ్యాటరీ చార్జరు మొరాయిస్తే దానికో వరస ఉంది. ముందు సెల్లు మార్చాలి. తగ్గకపోతే అడాప్టరు మార్చాలి. అప్పటికీ తగ్గకపోతే చైనావాణ్ణి తిట్టాలి. ఈ వరసలో ఎక్కడా వోల్టులూ కరెంటూ కొలిచే మల్టీమీటరు లేదు, ఉండకూడదు కూడా. మీటరు పెడితే తప్పెవరిదో తేలిపోతుంది. ఆనక ఒకే వీధిలో మొహామొహాలు చూసుకోవాల్సినవాళ్లం!

చార్జింగు అవుతోందని చెప్పే ఎర్రలైటు సంగతే తీసుకోండి. టీపీ 4056 అనే చార్జింగు చిప్పున్న చిన్న బోర్డు సెల్లుకి 1 ఆంపియరు పంపుతుంది. సెల్లు 4.2 వోల్టులకు చేరి, కరెంటు అందులో పదోవంతుకు, అంటే 100 మిల్లీ ఆంపియర్లకు దిగితేనే నిండిందని నీలం లైటు వేస్తుంది. మనమేమో చార్జింగులో పెట్టి, అదే బోర్డు మీద 200 మిల్లీ ఆంపియర్లు లాగే బల్బు వెలిగించి పిల్లల్ని చదువుకి కూచోబెడతాం. కరెంటు ఇంకెక్కడ దిగుతుంది? తెల్లవార్లూ ఎరుపే.

"ఏటి బావూ, ఈ బోర్డు ఇలాగ తగలడింది?"

షాపతను బల్బు వైరు ఊడదీసి, కొత్త బోర్డు అతికించి, చార్జింగులో పెడతాడు. కాసేపటికి నీలం! డబ్బులిచ్చేసి ఇంటికెళ్లి మళ్లీ బల్బు తగిలిస్తాం. ఇద్దరికీ సంతోషమే. ఇంత చక్కటి వ్యాపారాన్ని మీటరుతో పాడుచేయడం న్యాయమా?

1936లో మన ఊరిని మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడదీసి ఒడిశాలో కలిపిన దగ్గర్నుంచీ సరిహద్దుల గురించి మనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఆటో ఎక్కితే పాతపట్నం, దిగితే ఆంధ్రా. రక్షణ సర్క్యూట్ ఉన్న బోర్డులో కూడా సెల్లు మైనస్ తగిలించే బీ మైనస్‌కీ, బల్బు మైనస్ తగిలించే ఔట్ మైనస్‌కీ నడుమ ఓ చెక్‌పోస్టు ఉంది. డీడబ్ల్యూ 01 చిప్పు కాపలా, 8205 మాస్‌ఫెట్ అనే స్విచ్చు గేటు. సెల్లు 2.4 వోల్టులకు పడిపోతే గేటు దించేస్తారు. మనకది నచ్చదు. బల్బు వైరు తెచ్చి తిన్నగా బీ మైనస్‌కే అతికిస్తాం. "ఇటునుంచి తీస్తే ఇంకో గంట ఎక్కువ వెలుగుతాది" అని సలహా చెప్పేవాళ్లకు కొదవా? వెలుగుతుంది, నిజమే. ఆ గంట ఖరీదు సెల్లు ప్రాణం. అది పోయాక తిట్టడానికి కంపెనీ ఉండనే ఉంది.

కొన్ని కొత్త బోర్డులకు సెల్లు అతికించగానే గేటు దిగే ఉంటుంది. ఒక్కసారి చార్జరు గుచ్చితే లేస్తుంది. ఆ ఒక్కసారీ గుచ్చే ఓపిక లేక ఎన్ని మంచి బోర్డులు చెత్తబుట్టలో పడ్డాయో!

ఇక ఆశావాదులు. 500 మిల్లీ ఆంపియర్ అవర్ల, అంటే గంటసేపు అర ఆంపియరు ఇచ్చేంత బుల్లి సెల్లుకి అదే బోర్డుతో 1 ఆంపియరు ఎక్కిస్తారు. కరెంటు ఎంతో నిర్ణయించే రెసిస్టర్ చిప్పు పక్కనే ఉంటుంది, మీద 122 అని రాసి, అంటే 1.2 కిలో ఓమ్‌లు. దాని బదులు 5 కిలో ఓమ్‌లది వేస్తే పావు ఆంపియరే వెళ్తుంది. కానీ 122 చదవాలంటే కళ్లజోడు పెట్టాలి. పెట్టరు. సెల్లు ఉబ్బితే "ఫుల్లుగా ఎక్కిందిరా" అని మురిసిపోతారు. చిప్పు కాలితే "గట్టిగా పనిచేస్తోంది" అంటారు. 5 వోల్టులు ఇచ్చి 3.2 వోల్టుల సెల్లుకి 1 ఆంపియరు పంపితే, మిగిలిన 1.8 వాట్లు ఆ చిప్పు నెత్తినే కాలతాయి మరి. సన్నటి పొడుగు కేబులు వాడితే ఈ వేడి కొంచెం తగ్గుతుంది. ఎందుకంటే వోల్టులు దారిలోనే పోతాయి, బోర్డు దగ్గరికి 4.4 చేరితే గొప్ప. అప్పుడు తిట్లు అడాప్టరుకి!

అందుచేత నా విన్నపం. మీటర్లను పూర్తిగా నిషేధించమనను. గోడ సాకెట్లో కరెంటు వచ్చిందో లేదో చూసుకోవడానికి ఉంచుకోవచ్చు. షాపుల్లో వేలాడే ఆ పసుపు మీటర్లకు ప్రత్యేక మినహాయింపు కూడా ఇవ్వాలి. లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసించాక అవి ఉన్నదానికన్నా ఎక్కువే చూపిస్తాయి. 3.9 దగ్గర ఆగిపోయిన సెల్లుని కూడా 4.2 అని పాస్ చేస్తాయి.