పది బ్యాండ్ల రేడియో గారికి

మహారాజశ్రీ పది బ్యాండ్ల పోర్టబుల్ రేడియో గారి దివ్య సముఖానికి,

ఇవాళ ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు తమరిని అట్టపెట్టెలోంచి బయటికి తీశాం. ఇప్పుడు రాత్రి ఎనిమిదిన్నర. ఈ ఏడున్నర గంటల్లో తమరు వినిపించినవాటిలో స్పష్టంగా ఉన్నది మా హాల్లో ఎల్‌ఈడీ బల్బు గోడు ఒక్కటే. దాన్ని ఆపితే వైఫై రౌటర్ అందుకుంది. రౌటర్ తీసేస్తే ఫ్యాన్ రెగ్యులేటర్. చివరికి నాన్న మెయిన్ ఆపేశారు. అప్పుడు పక్క ఫ్లాట్ వాళ్ళ ఇన్వర్టర్ వినిపించింది. ఇంత మంచి రిసెప్షన్ ఇచ్చినందుకు ముందుగా నమస్కారాలు.

పెట్టె మీద తమరిని వరల్డ్ రిసీవర్ అని రాశారు. భూగోళం బొమ్మ కూడా వేశారు. ఆ బొమ్మ మాత్రం బాగుంది.

తమరిని ఎంచుకున్న పాపం నాదే. కోఠి గుజరాతీ గల్లీలో దూరదేశాల స్టేషన్లు పట్టే షార్ట్‌వేవ్ రేడియో కావాలంటే షాపు కుర్రాడు బ్లూటూత్ స్పీకర్ చేతిలో పెట్టాడు. ఇది కాదు బాబూ, షార్ట్‌వేవ్ అన్నాను. "అది కూడా ఇందులోనే వస్తది మేడమ్, ఫోన్ కలుపుకోవాలె" అన్నాడు. ఇక రెండు రాత్రులు ఫోన్‌లో వెతికాను. టెక్సన్ పీఎల్-330 అని ఒకటి కనబడింది. అంకెలు నొక్కితే నేరుగా ఆ ఫ్రీక్వెన్సీకి వెళుతుందట. ధర చూసి పేజీ మూసేశాను. పైగా దాని మీద ఎఫ్‌ఎం, ఎల్‌డబ్ల్యూ (లాంగ్‌వేవ్), ఎండబ్ల్యూ (మీడియంవేవ్), ఎస్‌డబ్ల్యూ (షార్ట్‌వేవ్) అని నాలుగే బ్యాండ్లు, అంటే ఫ్రీక్వెన్సీల ముక్కలు. దాని ధరలో అయిదోవంతుకే తమరు పది బ్యాండ్లతో దర్శనమిచ్చారు. నాలుగు ఎక్కువా, పది ఎక్కువా? ఎంకామ్ చదివినదాన్ని, ఆ మాత్రం లెక్క రాదా!

దాని ఒక్క ఎస్‌డబ్ల్యూలో 1.7 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా సందు లేకుండా అంతా ఉంటుందనీ, తమరి ఎనిమిది ఎస్‌డబ్ల్యూలూ కలిపి అందులో నాలుగు చెంచాలు కూడా కావనీ ఇవాళ తెలిసింది.

అసలు బ్యాండ్ అనే మాట మా ఇంట్లో ఎంత బరువైనదో తమరికి తెలియదు. మా మేనత్త పెళ్ళిలో మగపెళ్ళివారు వాచీ, సైకిలు, మూడు బ్యాండ్ల రేడియో అడిగారు. తాతయ్య వాచీకి ఒప్పుకున్నారు, సైకిలుకీ ఒప్పుకున్నారు. రేడియో దగ్గర మాత్రం రెండు బ్యాండ్లే అన్నారు. ఆ ఒక్క బ్యాండ్ దగ్గర తాంబూలాలు ఆగినంత పనైంది. "మీ తాతయ్య నాకింకా ఒక బ్యాండ్ బాకీ" అని మామయ్య ఇప్పటికీ ప్రతి పండక్కీ అంటారు. తాతయ్య పోయి ఇరవయ్యేళ్ళయింది. బాకీ మాత్రం పోలేదు.

ఎందుకంటే అప్పట్లో బ్యాండ్ అంటే ఒక వస్తువు. ఒక కాయిల్, దాన్ని సరిచేసే ట్రిమ్మర్, వాటిని కలిపే స్విచ్. బ్యాండ్ పెరిగితే ఆ సరంజామా పెరిగేది, దాంతోపాటు ధరా పెరిగేది. నాన్న కుర్రతనంలో రేడియోలు బాగుచేసిన మనిషి. నాలుగింటికి స్క్రూడ్రైవర్ తెచ్చి తమరి వీపు విప్పారు. కాసేపు వెతికి, "గ్యాంగ్ కండెన్సర్ ఏదమ్మా?" అన్నారు. లేదు. ఒకదాంట్లోకి ఒకటి దూరి స్టేషన్ మార్చే ఆ రేకుల జాగాలో వాల్యూమ్ కంట్రోల్ లాంటి ముక్క ఒకటుంది. మినపగింజంత చిప్ ఒకటుంది. బ్యాండ్ స్విచ్ పక్కన ఆవగింజల్లా రెసిస్టర్లు బారులు తీరి ఉన్నాయి. నాన్న కళ్ళజోడు పైకి నెట్టుకుని వాటిని వేలితో లెక్కపెట్టారు.

అవే బ్యాండ్లు! స్విచ్ ఒక గడి జరిపితే ఇంకో ఆవగింజ దగ్గర్నుంచి చిప్‌కి వేరే వోల్టేజీ అందుతుంది, అది ఫ్రీక్వెన్సీల్లో ఇంకో ముక్క అందుకుంటుంది. అంతే సంగతి. పదేం ఖర్మ, ఇంకో గుప్పెడు ఆవగింజలు చల్లితే పదహారు బ్యాండ్లు కూడా అవుతాయి.

చిప్ ఉంటే తప్పని నేననను. చిప్ ఉందని చెప్పుకోవాలి. అది దాచి, పాత సెట్టులాగా ముఖాన గాజు పలక పెట్టుకుని, ఎర్ర ముల్లు తిప్పుకుంటూ ఈ వేషం ఎందుకయ్యా నీకు? తమరు, మీరు అనే ఓపిక ఇక నాకు లేదు. నీ ముల్లు బయట నున్నగా జారుతుంది. లోపల నీ చిప్ అయిదేసి కిలోహెర్ట్జ్ చొప్పున గెంతుతుంది, గెంతు గెంతుకీ నోరు మూసుకుంటుంది. పోనీ ముల్లు చూపించేదైనా నిజమా? 31 మీటర్ల బ్యాండ్ 9.4 నుంచి 9.9 మెగాహెర్ట్జ్ దాకా. అయిదు కిలోహెర్ట్జ్‌కొకటి చొప్పున వంద స్టేషన్లకు చోటు. నీ డయల్ మీద దానికిచ్చిన జాగా నాలుగు సెంటీమీటర్లు. గోరు ఆనితే పాతిక స్టేషన్లు మాయం! ఇన్ని చేసి పది బ్యాండ్లని రాసుకున్నావే, సిగ్గు లేదూ? ఒరేయ్ డబ్బా, ఒక్క ఆదివారంలో మా అందరికీ బ్యాండ్ మోగించావు కదరా!

నీ ఎస్‌డబ్ల్యూ1 ఎక్కడ మొదలు? 5.9 మెగాహెర్ట్జ్ దగ్గర. నాన్న ముందు వెతికింది 4.8. హైదరాబాద్ స్టేషన్ 60 మీటర్ల బ్యాండ్‌లో 4800 కిలోహెర్ట్జ్, అంటే ఆ 4.8 మెగాహెర్ట్జ్ మీదే వచ్చేది. ఆ ప్రసారం ఇప్పుడు లేదని నాన్నకూ తెలుసు. అయినా ఒకసారి ముల్లు అక్కడ పెట్టి చూసుకోవాలనుకున్నారు. నీ గాజు పలక మీద ఆ అంకే లేదు.

స్టేషన్లు తగ్గిపోవడం నీ తప్పు కాదులే. రేడియో ఆస్ట్రేలియా 2017లో షార్ట్‌వేవ్ కట్టేసింది. 1940 నుంచి వస్తున్న బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ ప్రసారం 2020 జనవరి 31తో సరిపెట్టింది. నాన్న రేడియో సిలోన్ తెలుగు అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గొంతు గురించీ, అక్కడి తెలుగు పాటల గురించీ చెబుతూ ఉంటే, "ఆ పాటలన్నీ ఫోన్‌లో ఉన్నాయిగా" అంది అమ్మ. నాన్న వినిపించుకోలేదు.

చీకటి పడగానే నిన్ను చంకలో పెట్టుకుని డాబా మీదికి వెళ్ళారు. "పొద్దు వాలితే 41, 49 మీటర్ల బ్యాండ్లు తెరుచుకుంటాయి" అన్నారు. ఇరవై అడుగుల వైరు బట్టలారేసే తీగ మీద పరిచి, ఆ చివర ఒలిచి నీ ఏరియల్‌కి క్లిప్పుతో పెట్టారు. నేను ఎగతాళికే వెంట వెళ్ళాను. ముల్లు 7.3 దగ్గరో ఎక్కడో ఉంది, నీ ముల్లు మాట ఎవడు నమ్మాడు గనక. ముందు చైనీస్, తర్వాత గుసగుస, తర్వాత ఎవరో ఒకావిడ పాట. భాష తెలియలేదు. దగ్గరికి వస్తూ, దూరంగా పోతూ, మళ్ళీ వస్తూ పాడింది. నాన్న వేళ్ళు నీ నాబ్ మీదే ఉన్నాయి, కదల్లేదు. నేను దగ్గబోతే చేత్తో ఆగమన్నారు.

నిన్ను వెనక్కి పంపడానికి గడువు ఇవాళ రాత్రితో ఆఖరు. కిందికి దిగి నీ అట్టపెట్టె కోసం వెతికాను. నాన్న అయిదింటికే దాన్ని చింపి, నీ స్క్రూలు పోకుండా వాటి కింద పరిచారట. "పోనిద్దూ, ఆ పది బ్యాండ్లూ మీ మామయ్యకు ఇచ్చేద్దాం, వడ్డీతో సహా బాకీ తీరిపోతుంది" అంది అమ్మ.

మెట్ల దగ్గర్నుంచే అరిచి అడిగాను. "ఇంకో నాలుగు సెల్లులు పట్టుకురా" అని పైనుంచి జవాబొచ్చింది.

ఇట్లు,
సెల్లులు తేవడానికి వెళుతున్న,
ఎంకామ్ చదివిన
నీ కొనుగోలుదారు