చేతులు ఖాళీగా ఉంచుతానన్న పంపు గారికి

శ్రీయుత పోర్టబుల్ బ్రెస్ట్ పంపు గారి దివ్య సముఖానికి,

తిరుపతిలో కాపురం, చిత్తూరులో ఉద్యోగం, ఇంట్లో ఐదు నెలల పిల్ల గల నేను రాసుకునే విన్నపం ఏమనగా: తమరు మా ఇంటికి రాకముందే తమ కీర్తి వచ్చి చేరింది. ఫోను తెరిస్తే తమరే. తెల్లటి సోఫా, తెల్లటి చొక్కా వేసుకున్న ఒక తల్లి, ఆమె ఒళ్ళో ల్యాప్‌టాప్, చేతిలో కాఫీ కప్పు, ముఖాన చెక్కుచెదరని చిరునవ్వు. తమరు ఆమె దుస్తుల లోపల ఎక్కడో చప్పుడు లేకుండా పాలు తీస్తూ ఉంటారట. ఆ బొమ్మలో లేనిది బిడ్డ ఒక్కటే. కింద "తీరిక లేని అమ్మల కోసం" అని రాసి ఉంది. ఆమెకు తీరిక ఎందుకు లేదో ఎంత చూసినా నాకు అంతుపట్టలేదు.

ఇక ఈ తమరూ గారూ ఇక్కడితో ఆపుతాను. ఒంటిమీద ఇంత చనువు తీసుకునే వస్తువుకు మన్నన పలకడం నా వల్ల కాదు.

నీ వంశం గురించి కాస్త వాకబు చేశాను. 1854లో అమెరికాలో ఆర్వెల్ నీధమ్ అనే ఆయన నీ ముత్తాతకు పేటెంటు పుచ్చుకున్నాడు. 1920లలో కరెంటుతో నడిచే పంపును తయారుచేసిన ఎడ్వర్డ్ లాస్కర్ వృత్తికి ఇంజినీరే గానీ, లోకానికి తెలిసింది చదరంగం ఆటగాడిగా. 1956 ప్రాంతంలో స్వీడన్ ఇంజినీరు ఐనార్ ఎగ్నెల్ కూర్చుని, తల్లికి గాయం కాకుండా ఎంత బలంగా పీల్చవచ్చో లెక్క తేల్చాడు. అంటే నొప్పి అనేది ఒకటుందని తేలడానికి నూరేళ్ళు పట్టింది. 2014లో అమెరికాలోని ఎంఐటి విశ్వవిద్యాలయం మీడియా ల్యాబ్‌లో తల్లులూ ఇంజినీర్లూ ఒకచోట చేరి, నీలో ఏమేమి బాగుచేయాలో మాట్లాడుకున్నారు. అప్పటికి నీధమ్ పేటెంటుకు 160 ఏళ్ళు. మీ వంశంలో తొందరపాటు లేదని ఒప్పుకుంటాను.

నిన్ను ఎంచుకోవడానికి నేను చేసిన విచారణ మా నాన్న నాకు సంబంధం చూసినప్పుడు కూడా చేయలేదు. ముందు మందుల దుకాణానికి వెళ్ళాను. అడగగానే దుకాణదారు అటూ ఇటూ చూసి, నిన్ను నల్ల కవరులో చుట్టి, "ఫ్రీ సైజు మేడమ్" అన్నాడు. నైటీకి ఫ్రీ సైజు ఉంటుందేమో గానీ నీకు లేదు. రొమ్ముకు ఆనించే గరాటు గొట్టం వెడల్పును మిల్లీమీటర్లలో కొలుస్తారు. నీ డబ్బాలో వచ్చేది ఎక్కువగా 24, లేకపోతే 27, 28. చాలామందికి సరిపోయేది 21, 19, ఒక్కోసారి 17. చనుమొన అడ్డుకొలత తీసుకుని చూసుకోవాలి. గొట్టం బిగుతైతే ఒరిపిడి, వదులైతే చుట్టూ ఉన్న చర్మమంతా లోపలికి లాగేసుకుని వాపు. ఆ కొలత మాత్రం నీ డబ్బా మీద ఏ మూలనో చీమ తలకాయంత అక్షరాలలో ఉంటుంది. పెద్ద అక్షరాలలో ఉండేది పీల్చే బలం: 280, 300 అని పాదరసం మిల్లీమీటర్ల లెక్క. ఎక్కువ బలంగా లాగితే ఎక్కువ పాలు వస్తాయని ఏ చదరంగం ఆటగాడు చెప్పాడో తెలియదు. నొప్పి పుడితే పాలు చేపుకు రావు. ముందు తేలికగా, వేగంగా కాసేపు, చేపు వచ్చాక నెమ్మదిగా, లోతుగా లాగాలి. పసిబిడ్డ పుట్టిన గంటకే ఈ పద్ధతిలో తాగుతుంది. నువ్వు దాన్ని రెండు రకాల మోడ్ అని పేరుపెట్టి అదనంగా డబ్బులు అడుగుతావు.

మరొకటి, మా వదిన పంపు. ఆమె కొడుకు పాలు మానగానే అటకెక్కిన దాన్ని "కొత్తది ఎందుకమ్మా దండగ" అంటూ దింపి ఇచ్చింది. ఎంతో ప్రేమగా ఇచ్చింది, కాదనడానికి చాలా కష్టపడ్డాను. పాలు మోటారు వైపు వెళ్ళకుండా మధ్యలో అడ్డుపొర ఉన్న రకం కాదది. అడ్డుపొర లేని వాటిలో పాల తేమ గొట్టంలోకి, అక్కడినుంచి మోటారులోకి చేరి బూజు పడుతుంది. మోటారును నీళ్ళలో వేసి కడగలేం కదా. ఒకరు వాడిన ఇలాంటి పంపు ఇంకొకరు వాడకూడదు. పట్టుచీరలూ ఉయ్యాలా చేతులు మారినట్టు నువ్వు మారలేవని వదినకు చెబితే, "చదువుకున్నవాళ్ళతో ఇదే గొడవ" అంది.

ఇక నీ హ్యాండ్స్ ఫ్రీ అవతారం సంగతి. రొమ్ము మీద గిన్నెలా అమరి, గొట్టాలూ తీగలూ లేకుండా, మోటారు కూడా లోపలే ఉండే రకం. ధర పాతిక వేలు దాటినవీ ఉన్నాయి. దాన్ని తయారుచేసినవాళ్ళు సాగే లోదుస్తులను చూశారు గానీ మా తిరుపతి దర్జీ కుట్టిన జాకెట్టును చూడలేదు. నా కొలతకు సూది మోపడానికి కూడా సందు లేకుండా కుట్టిన జాకెట్టులో, కొబ్బరిచిప్పంత గిన్నెలు రెండు ఎక్కడ పట్టాలి? పోనీ చుడీదార్ వేసుకుని అమర్చుకుంటే, వంగకూడదు. కింది అరలో ఫైలు తీయడానికి వంగితే అంతవరకూ పోగైన పాలు కాస్తా ఒలికిపోతాయి. మా ఆఫీసులో ఫైళ్ళన్నీ కింది అరలోనే ఉంటాయి. చప్పుడు లేదని రాశావు కదా, నా స్నేహితురాలు దాన్ని పెట్టుకుని తన సీటులో కూర్చున్న రోజు పక్క సీటాయన మూడు టేబుళ్ళ ఫోన్లూ ఎత్తి చూసి, "ఎవరిదో వైబ్రేషన్‌లో మోగుతోంది, తీయండమ్మా" అని విసుక్కున్నాడట. అందుకని నేను గొట్టాలున్న చిన్న మోటారు రకమే తీసుకున్నాను: అడ్డుపొర ఉన్నది, రెండువైపులా ఒకేసారి తీసేది, ఛార్జింగుతో నడిచేది. తోడుగా కరెంటు అక్కర్లేని చేతి పంపు ఒకటి. అందం తక్కువే, ప్రకటనలో నటించలేవు. అయినా 20 నిమిషాలలో పని అవుతుంది.

20 నిమిషాలు అన్నాను గానీ, అవి ఎక్కడివి? ఇక్కడ నీ తప్పు లేదు. అయినా నిందలు పడడానికి ఎవరో ఒకరు కావాలి కదా, నువ్వు దగ్గరగా ఉన్నావు.

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండు పాలిచ్చే విరామాలు ఇచ్చింది. 2017లో సవరించి మొదటి ఇద్దరు పిల్లలకు సెలవును 26 వారాలు చేశారు. 50 మంది, అంతకు మించి పనిచేసేచోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి చూసి రావచ్చన్నారు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇవే మాటలు. మా మేనేజరు గారికి లెక్కలంటే ప్రాణం, సిబ్బందిని ఎప్పుడు లెక్కపెట్టినా 49 దగ్గర ఆగిపోతారు. విరామాలకు మాత్రం ఆయనకు అభ్యంతరం లేదు, వెళ్ళి పాలిచ్చి రమ్మన్నారు. పిల్ల తిరుపతిలో ఉంది. చంద్రగిరి, పాకాల మీదుగా సుమారు 70 కిలోమీటర్లు. చట్టం రాసినవాళ్ళ ఊహలో బిడ్డ పక్కగదిలో ఉంది. నువ్వు వాళ్ళ ఊహలోనే లేవు.

ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. 26 వారాలంటే ఆరు నెలలే, లెక్క సరిపోయినట్టే ఉంటుంది. అందులో ఎనిమిది వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. కాళ్ళ వాపులతో ఆ బస్సులో తిరగలేక నేను కొన్ని వాడుకున్నాను, ఆ మేరకు ఇటువైపు కోతపడింది. ఆ కోతపడిన వారాలనే నువ్వు భర్తీ చేస్తానంటున్నావు.

నిన్ను తీసుకుని ఎక్కడ కూర్చోవాలి అన్నదానికి ఆఫీసు నాకు మూడు దారులు చూపింది. మొదటిది మరుగుదొడ్డి. తమ భోజనం అక్కడ వండమంటే వాళ్ళు ఒప్పుకుంటారేమో అడగలేదు. రెండోది సమావేశాల గది, దానికి గాజు గోడలు. మూడోది రికార్డు గది, దానికి గడియ లేదు. ఇప్పుడు నేను పాత ఓచర్ల కట్టలను తలుపుకు అడ్డం పేర్చి, 2009 నాటి లెడ్జర్ల మధ్య స్టూలు వేసుకుని, ఫోనులో పిల్ల వీడియో చూస్తూ కూర్చుంటాను. బిడ్డను చూస్తే, ఏడుపు వింటే చేపు వస్తుంది. తలుపు అవతల బూట్ల చప్పుడు వింటే వచ్చింది కాస్తా వెనక్కి పోతుంది. తిరుమలలో ఏడాది లోపు పసిబిడ్డలను ఎత్తుకొచ్చే తల్లిదండ్రులకు సుపథం దారిన వేరే ప్రవేశం ఉంది. అన్ని వేలమంది వరుసలో నిలబడి ఉండగా ఆ కొండ మీద దొరికిన వెసులుబాటు, కొండ కింద గడియ రూపంలో కూడా దొరకలేదు.

పాలు తీయడం ఒక ఎత్తు, ఇంటికి చేర్చడం ఒక ఎత్తు. 25 డిగ్రీల లోపు చల్లదనంలో నాలుగు గంటలు, ఫ్రిజ్జులో నాలుగు రోజులు, ఐసు దిమ్మలు పెట్టిన సంచిలో ఒక రోజు నిలవ ఉంటాయని నీ పుస్తకం చెబుతుంది. మే నెలలో మా వైపు నీడలోనే 40 దాటుతుంది, ఆ 25 డిగ్రీలు ఎవరింట్లో ఉంటాయో చూడాలని ఉంది. ఆఫీసు ఫ్రిజ్జులో పెడితే ఎవరో సీసా మీద చీటీ చదివి, దాన్ని ముట్టుకోకుండా తన పెరుగన్నం డబ్బాను తీసేసుకుని వెళ్ళిపోయారు. చూడు, ఇది పాడిజిల్లా. ఊరూరా పాల కేంద్రం. పొద్దునా సాయంత్రం ఆవు పాలు తీసుకెళితే వెన్న శాతం కొలిచి, చీటీ ఇచ్చి, నాలుగు డిగ్రీల చల్లదనంలో దాచి, ట్యాంకరులో పంపుతారు. పొట్టి పుంగనూరు ఆవును చూడడానికి జనం దూరాల నుంచి వస్తారు, దాని పాలలో వెన్న ఎంతో అందరికీ నోటికి వచ్చు. ఇంత పాల జ్ఞానం ఉన్న జిల్లాలో, నీలిరంగు సంచి ఒడిలో పెట్టుకుని బస్సెక్కితే "అందులో ఇన్సులినా అమ్మా?" అని అడుగుతారు. అవునంటాను. సీటు ఇస్తారు.

ఇంట్లో అత్తయ్యగారి దగ్గర నీకు ఇంకో పరీక్ష. సీసాలోని పాలు పదిమంది కళ్ళపడితే దిష్టి తగులుతుందని ఆమె వాదన, అందుకని ఫ్రిజ్జులో వాటికి ఒక గుడ్డ ముసుగు. శనివారం మాత్రం దేవుడికి పెట్టే పెరుగు పక్కన అవి ఉండకూడదు. నాకు కోపం రాదు, ఎందుకంటే ఆ పాలను పట్టడం విషయంలో ఆమె నీకంటే ముందుంది. నీ డబ్బాలో నేనడగకుండానే ఒక పాలసీసా, దానికో రబ్బరు పీక దాక్కుని వస్తాయి. పాలసీసాల ప్రకటనలను 1992 నాటి చట్టం నిషేధించింది. నీ ప్రకటనను ఎవరూ ఆపలేదు, కాబట్టి సీసా నీ చంకనెక్కి దర్జాగా ఇంట్లోకి వచ్చేస్తుంది. అత్తయ్య దాన్ని బీరువా పైన పడేసి, మా ఆయన చిన్నప్పటి వెండి ఉగ్గుగిన్నె తీసి, మరిగించి, గోరువెచ్చని నీళ్ళలో పెట్టి వెచ్చచేసిన పాలను దానితో పడుతోంది. ఆసుపత్రుల్లో నర్సులు చెప్పేదీ గిన్నె, చెంచానే. మైక్రోవేవులో పెడితే ఒకచోట చల్లగా, ఒకచోట నాలుక కాలేంత వేడిగా అవుతాయని ఆమెకు నేను చెప్పనక్కర్లేకపోయింది. ఆ యంత్రాన్నీ ఆమె నమ్మదు.

ఒక్క విషయంలో మాత్రం నీ మీద నిజంగానే కోపం. నీ సీసా పక్కన గీతలున్నాయి. ఆ గీతలు చూసి ఇంటిల్లిపాదీ నా పాలకు మార్కులు వేయడం మొదలుపెట్టారు. "ఇవాళ ఇంతేనా" అని ఒకరు, "డబ్బా పాలు కలుపుదామా" అని ఇంకొకరు. బిడ్డ నోటితో తీసుకున్నంత నువ్వు తీసుకోలేవు. నీకు తక్కువ వచ్చినంత మాత్రాన నాకు తక్కువ ఉన్నట్టు కాదు. పిల్ల బరువు పెరుగుతోందా, చాలినన్ని సార్లు గుడ్డలు తడుపుతోందా అన్నదే చూడాలి. నీలోని రబ్బరు కవాటం సాగిపోయినా పాలు తగ్గినట్టే కనిపిస్తుంది. రెండు మూడు నెలలకోసారి మార్చాల్సిన ఆ ముక్క కోసం ఎంతమంది తల్లులు మెంతులూ వెల్లుల్లీ మింగారో.

నీ "తీరిక లేని అమ్మ"ను వెతుక్కుంటూ నేను కొన్ని చోట్లకు వెళ్ళాలనుకున్నాను, నువ్వూ రా. జూన్‌లో చిత్తూరు చుట్టూ తోతాపురి మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో కాయలు కోసే ఆడవాళ్ళ దగ్గరికి పోదాం. చేతులు ఖాళీగా ఉంచుతానని వాళ్ళకు చెప్పు, ఆ చేతులకు కత్తి ఇచ్చేవాళ్ళు పక్కనే ఉంటారు. రేణిగుంట దగ్గర విడిభాగాలు అమర్చే వరుసలో నిలబడ్డ అమ్మాయి లేవాలంటే, ఇంకొకరు వచ్చి ఆమె చోట నిలబడాలి. నా బస్సులో టిక్కెట్లు కొట్టే కండక్టరమ్మకు తిరుపతికీ చిత్తూరుకూ మధ్య గది లేదు, ఫ్రిజ్జు లేదు. రొమ్ములు గట్టిపడి జాకెట్టు తడిసినప్పుడు చేత్తో పిండి పారబోయడమే. నర్సు నేర్పిన ఆ చేతి విద్యకు ధర లేదు, అందుకే ప్రకటనా లేదు.

కాబట్టి నీ యజమానులకు నా మాటగా చెప్పు. పంపుతో పాటు తలుపు గడియ ఒకటి, నాలుగు మరలు, వీలైతే ఒక స్క్రూడ్రైవరు డబ్బాలో పెట్టి అమ్మమను. ధర ఇంకో రెండు వందలు పెంచినా బేరమాడను.

ఇట్లు,
రికార్డు గదిలో నీ తోటి ఉద్యోగిని

తా.క.: నీ ఛార్జరు ఇంట్లో మరిచిపోయి వచ్చాను. ఈ పూటకు చేతి పంపు నీ విధుల్లో ఉంటుంది, జీతం కోత ఏమీ లేదు.